గోడను అడిగి మిద్దె మార్చండి

2011 జనాభా లెక్కల్లో ఇళ్ళ పైకప్పుల పట్టిక ఒకటుంది. అందులో గడ్డి, ఆకులు, వెదురు, కొయ్య, మట్టి అన్నీ ఒకే గడిలో పడ్డాయి. ఆదోనిలో పత్తి వ్యాపారం మంచి ఊపు మీదున్న రోజుల్లో కట్టిన ఇల్లు, రెండడుగుల మందం రాతిగోడలూ టేకు స్తంభాలూ చెక్కడపు తలవాకిలీ ఉన్న ఇల్లు, మిద్దె మీద మట్టి ఉందన్న ఒక్క కారణంతో పొలంలో వేసిన కొట్టం సరసన చేరిపోతుంది. పట్టికే కదా, పోనీలే అనుకోవచ్చు. కానీ ఆ చూపు ఇంటివాళ్ళకూ అంటుకుంది. మిద్దె కారడం మొదలైతే ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా వినబడే మాటలు రెండే: స్లాబ్ వేయిద్దాం, చేతిలో డబ్బు లేకపోతే రేకులు వేద్దాం. పశ్చిమ కర్నూలు పాత ఇళ్ళకు ఈ రెండూ చాలావరకు నప్పవు. ఏ మిద్దె వేయాలో యజమాని మోజుకూ మేస్త్రీ అలవాటుకూ వదిలేస్తున్నాం గాని, దాన్ని మోయాల్సిన గోడను ఎవరూ అడగడం లేదు. అడుసుతో కట్టిన పాత రాతిగోడను అడిగితే మట్టి బరువు దించమంటుంది, బండలు పరచమంటుంది, పైన సున్నపు గచ్చు వేయమంటుంది.

మట్టి మిద్దెను ముందు అర్థం చేసుకోవాలి. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చెక్కలో సన్నబండలో పరిచి, జానెడు మట్టి వేసి దిమ్మిసతో కొట్టి, చివర సౌడు మన్ను చల్లుతారు. సౌడులో సోడియం లవణాలుంటాయి. తడి తగలగానే బంకరేణువులు విడిపోయి, ఉబ్బి, మట్టిలోని సందులను పూడ్చేస్తాయి. నీళ్ళు కిందికి దిగే దారి లేక దోనెల వైపు జారిపోతాయి. చేలో పైరును చంపే గుణమే మిద్దెకెక్కి ఇంటిని కాస్తుంది. ఏడాది సగటు వాన 70 సెంటీమీటర్లకు లోపే ఉండే ఈ సీమకు ఇంతకన్నా తెలివైన కప్పు ఆ రోజుల్లో దొరికేది కాదు. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లావే. ఇప్పటికీ సరిహద్దు దాటితే ఇదే మిద్దెను మాళిగె అంటారు. పేరు మారిందే గాని దూలం మారలేదు. చిక్కల్లా మనిషి బద్ధకంతో వచ్చింది. వానలకు ముందు పాత పొరను చెక్కి తీసి కొత్త మన్ను వేయాల్సింది పోయి, ఉన్నదాని మీదే ఏటా పోస్తూ వచ్చారు. పదడుగులకు పన్నెండడుగుల గది మీద ఒక్క అంగుళం మట్టి పెరిగినా, అది నానితే సుమారు అర టన్ను బరువు. అడుగున్నర మట్టి పేరుకున్న మిద్దె వానలో తొమ్మిది టన్నులవుతుంది. ఆ భారమంతా గోడలోకి దూరిన దూలం కొసల మీద పడుతుంది. తేమ నిలిచేదీ చెద పట్టేదీ సరిగ్గా ఆ కొసలకే.

కాబట్టి పాతదంతా మంచిదనే వాదన ఇది కాదు. 2024 ఆగస్టులో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలంలో మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు నిద్రలోనే పోయారు. వానాకాలం వస్తే సీమలో ఇలాంటి వార్త రాని ఏడాది అరుదు. ఇంకా పెద్ద హెచ్చరిక మహారాష్ట్ర నుంచి వచ్చింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కంపించినప్పుడు వేలమంది చనిపోవడానికి ప్రధాన కారణం మన ఇళ్ళలాంటి ఇళ్ళే: అడుసుతో పేర్చిన రాతిగోడలు, వాటి మీద మోయలేనంత మట్టి. అప్పటికి ఆ ప్రాంతాన్ని భూకంపాల పటంలో అతి తక్కువ ప్రమాదమున్న చోటుగానే గుర్తించారు. మాది భద్రమైన నేల అన్న ధీమా మనకూ పనికిరాదు. మట్టి మిద్దెను ఉన్నదున్నట్టు వదిలేయమని ఎవరైనా అంటే, వాళ్ళు ఆ మిద్దె కింద పడుకునేవాళ్ళు కారని అర్థం.

మరి స్లాబ్ ఎందుకు వద్దు? బరువు వల్ల కాదు. అదే గది మీద ఐదంగుళాల కాంక్రీటు మూడున్నర టన్నులుంటుంది. నానిన మట్టి ముందు అది తేలికే. ఇబ్బంది దాని బిగువుతో. స్లాబ్ అంటే ఒకే పలక. ముప్పై అడుగుల పలకకు పగటికీ రాత్రికీ పాతిక డిగ్రీల తేడా వస్తే అది రెండు మిల్లీమీటర్లకు పైగా సాగి ముడుచుకుంటుంది. సిమెంటు గోడ, కాంక్రీటు బెల్టు ఉన్న కొత్త ఇంట్లో ఆ లాగుడును తట్టుకునే ఏర్పాటుంటుంది. అడుసు గోడలో రాయికీ రాయికీ మధ్య ఉన్నది ఎండిన మన్నే. పైవరస రాళ్ళు ఏటా వేసవిలో కాస్త కాస్త జరుగుతాయి, గోడ తల పగులుతుంది, ఆ పగులులోంచి నీళ్ళు నేరుగా గోడ కడుపులోకి దిగుతాయి. పైకి స్లాబ్ చెక్కుచెదరకుండా కనబడుతూనే ఉంటుంది! స్లాబ్ గోడలన్నిటినీ కలిపి పట్టి ఉంచుతుందని ఇంజినీర్లు చెప్పే మాట నిజమే, గోడకూ స్లాబుకూ ముడి ఉన్నప్పుడు. ముడి లేనిచోట అది గోడల మీద పెట్టిన మూత మాత్రమే. అందుకే నిజాయితీ ఉన్న మేస్త్రీ, ఈ గోడ చాలదు, పిల్లర్లు లేపాలి అంటాడు. అక్కడితో బేరం మిద్దె నుంచి ఇంటికి మారిపోతుంది. గోడలు పడగొడతారు, తలవాకిలీ స్తంభాలూ పాతసామాన్ల వ్యాపారి లారీ ఎక్కుతాయి. మిద్దె మార్చబోయి ఇల్లే పోగొట్టుకోవడమన్న మాట.

రేకుల సంగతి ఎమ్మిగనూరు చేనేత ఇళ్ళలో చూడాలి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం నడిచే ఇంట్లో మిద్దె కూడా పనిముట్టే. నూలుపోగుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది, పొడిగాలికి పెళుసెక్కి పడుగు పుటుక్కున తెగుతుంది. గుంతమగ్గం నేలలోకి దిగి ఉండటానికి ఉన్న కారణాల్లో ఈ చల్లదనం, ఈ తేమ కూడా ఉన్నాయి. మందపాటి మిద్దె పగటి వేడిని పైనే ఆపి, సాయంత్రానికి గాని కిందికి దిగనివ్వదు. దాన్ని తీసేసి రేకులు వేస్తే మధ్యాహ్నం పన్నెండింటికే గది పెనమవుతుంది. ఎండ 40 దాటిన రోజుల్లో నేతగాడు మగ్గం వదిలి చెట్టు నీడకు పోవాల్సిందే. తెగిన పోగులు అతుక్కుంటూ పోగొట్టుకున్న గంటలను రేకుల ధరలో ఎవరూ కలపరు. కలిపితే అవి చవకగా కనిపించవు. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అనేక దేశాలు దాన్ని నిషేధించాయి. ఏళ్ళు గడిచి పొట్టు రాలే రేకుల కింద బట్ట నేయడం, బిడ్డను ఊపడం మంచిది కాదు.

ఇక బండల మిద్దె. ఇది కొత్త ఊహేమీ కాదు, సీమకు తెలిసిందే. వేసవిలో మట్టినంతా దించి, దూలాలను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. గట్టివి ఉంచి, కొస కుళ్ళినదాన్ని కోసి కొత్త కొయ్య అతకాలి. పనికిరానిచోట ఇనుప గర్డరు వేసి రంగు పూయాలి. రాయి నొక్కుడుకు ఓర్చుకున్నట్టు వంపుకు ఓర్చుకోదు కనుక దంతెల మధ్య దూరం రెండు మూడడుగులు దాటకూడదు. వాటి మీద రెండంగుళాల బండలు. ఆదోని చుట్టూ నల్లరాయికి కొదవ లేదు, నాపబండలకు పక్క జిల్లా బేతంచెర్ల ఉంది. బండల మీద మూడంగుళాల ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిసతో కొట్టి, వాలు తీర్చి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన గచ్చుతో పెంకుబిళ్ళలు పరచాలి. మొత్తం బరువు దాదాపు స్లాబుకు సమానం. కానీ ఇది ఒకే పలక కాదు, వందల అతుకులున్న కప్పు. ఎండకు ప్రతి అతుకూ వెంట్రుకవాసి జరిగి సర్దుకుంటుంది. సున్నంలో పడిన సన్నని బీటలు వాన నీటికి కరిగి పేరుకున్న సున్నంతోనే కొంతవరకు పూడతాయి. బండ పగిలితే ఆ ఒక్క బండ మారుస్తారు. స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడితే మార్చడానికి ముక్కంటూ ఉండదు. మన్నిక అంటే చెడకపోవడమని మనం పొరబడుతున్నాం. చెడినచోటే బాగుచేసుకోగలిగితే దాన్ని మన్నిక అనాలి. పదిహేడో శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన ఆదోని జామియా మసీదు ఇప్పటికీ నిలిచి ఉంది. రాయీ సున్నమూ ఈ ఎండకు ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయో చెప్పడానికి వేరే పరీక్ష అక్కర్లేదు. వెలుగు కోసం మిద్దెలో వదిలిన గవాక్షిని మాత్రం పూడ్చకండి. చుట్టూ నాలుగంగుళాల కట్ట లేపి పైన అద్దం బిగిస్తే వెలుగు దిగుతుంది, వాన దిగదు.

గచ్చు తెలిసిన మేస్త్రీలు ఎక్కడున్నారన్నది గట్టి అభ్యంతరం. తక్కువే, ఒప్పుకోవాలి. పనిలేక తగ్గారు, పని ఉంటే పెరుగుతారు. పాత గుళ్ళ మరమ్మతుల్లో డంగుసున్నం పని ఇంకా బతికే ఉంది. ఖర్చు మాటకొస్తే, బండల మిద్దె చదరపు అడుగు ధరను స్లాబు ధరతో పోల్చడం తప్పుడు లెక్క. స్లాబు కోసం లేపే పిల్లర్లు, పడగొట్టే గోడలు కూడా ఆ పక్క రాయాలి. మీద అంతస్తు ఎలా వేసుకుంటారని మరికొందరు అడుగుతారు. అడుసు గోడ మీద అంతస్తు వేయకూడదు, ఏ మిద్దె వేసినా సరే. బండల మిద్దెతో ప్రమాదం పూర్తిగా పోతుందా? పోదు. గోడ తల చుట్టూ కొయ్యదో కాంక్రీటుదో పట్టీ కట్టి, దూలాలను దానికి బిగించి, గోడ మందమంతా పట్టే బంధపురాళ్ళు దూర్చాలి. బలహీనమైన రాతికట్టడాలకు ఇవన్నీ ఎలా చేయాలో భారత ప్రమాణాల సంస్థ 1993లోనే ఐఎస్ 13828 అనే పుస్తకంలో రాసిపెట్టింది. ఆ పుస్తకం మున్సిపల్ ఆఫీసు బీరువా దాటి మేస్త్రీల చేతికి తెలుగులో రావాలి. గృహనిర్మాణ పథకాలు కొత్త ఇంటికి ఇచ్చే డబ్బులో కొంతైనా పాత మిద్దె బాగుచేతకు ఇవ్వాలి.

అప్పటిదాకా ఆగలేని వాళ్ళకు ఒక మాట. ఈసారి మృగశిర కార్తె రాకముందే ఒకరోజు నిచ్చెన వేసుకుని, దూలం గోడలోకి దూరే చోట ఉలితో గుచ్చి చూడండి. ఉలి అంగుళం దిగిందంటే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. వెంటనే మట్టి దించండి.