జలసంధి కావలి

హత్నూరనుండి సముద్రము కానరాదు. మంజీర పరీవాహకమున వానను, చెరువును నమ్ముకొని సేద్యము చేయు పల్లెవానికి ఇటలీ, అల్బేనియాల నడుమనున్న ఒట్రాంటో జలసంధితో పనియేమి యని చదువరులు అడుగవచ్చును. పని కలదు. 1917లో నైజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్, జలాంతర్గాములపై బ్రిటిషువారు సాగించుచున్న యుద్ధమునకు లక్ష పౌనులు కానుకగా నొసంగెను. నాటి మారకమున అది ఇంచుమించు 15 లక్షల రూపాయలు. హత్నూర అప్పుడాయన రాజ్యములోనిది. ఆ రాజ్యమునకు ముఖ్యాదాయము భూమిశిస్తు. ధనము ప్రభువు సొంత పెట్టెలోనిదా, రాజ్యపు బొక్కసములోనిదా యను వాదమును న్యాయవాదులకు విడిచెదము. రెంటికిని ఊట పొలముననే కలదు. ఇచ్చుటకు ముందు రైతు నెవ్వరును అడుగలేదు. అడుగుటకు ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును లేదు.

ఇక ఆ యుద్ధము ఎట్లు నడచినదో చూతము. పోలా, కట్టారో రేవులనుండి ఆస్ట్రియా, జర్మనీ జలాంతర్గాములు వెడలి మధ్యధరా సముద్రమున వర్తకనౌకలను ముంచుచుండెను. వానికి దారి ఒట్రాంటో యొక్కటియే. వెడల్పు సుమారు 72 కిలోమీటర్లు. పటము ముందిడుకొని కూర్చున్నవానికి దానిని మూయుట దొడ్డివాకిటికి తడిక కట్టినంత సులభముగ తోచును. 1915లో బ్రిటనునుండి చేపలుపట్టు పడవలను రప్పించి, వానికి ఉక్కువలలు తగిలించి, అడ్డముగ నిలిపిరి. పడవలలోని వారు నిన్నటిదాక చేపలు పట్టిన బెస్తలే. వల యందని లోతు క్రింద నుండెను. కంటికందని చీకటి పైన నుండెను. జలాంతర్గాములు ఆ రెండు దారులను వాడుకొనెను. 1916 మే నెలలో ఆస్ట్రియావారి యు-6 వలలో చిక్కినమాట నిజము. కాని అట్లు చిక్కినవానిని లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును.

1917 మే 15 తెల్లవారకమునుపే హోర్తీ నాయకత్వమున మూడు ఆస్ట్రియా క్రూజరులు వచ్చిపడి, కావలియున్న 47 పడవలలో 14 పడవలను ముంచెను. పడవలు విడిచిపొండని పలువురకు ముందు హెచ్చరిక చేసి పిదప కాల్చిరి; ఆ మర్యాద శత్రువునదైనను చెప్పుకొనదగినదే. గవన్‌లీ యను పడవకు నాయకుడైన జోసెఫ్ వాట్ ఆ హెచ్చరికను లెక్కసేయక తన చిన్న ఫిరంగితో క్రూజరునెదిర్చెను. అతనికి విక్టోరియా క్రాసు లభించినది. ఆ సాహసమునకు మేము నమస్కరింతుము. అయినను సాహసము వలలోని కంతలను పూడ్పజాలదు. ఆ దెబ్బకు పిమ్మట రాత్రివేళ పడవలను వెనుకకు పిలుచుకొనవలసివచ్చెను. జలాంతర్గామికి కావలసినదియు రాత్రియే కదా!

డోవరు జలసంధి ఇంతకంటె ఇరుకు, 33 కిలోమీటర్లు. అచ్చటను 1917 చివరివరకు జర్మను జలాంతర్గాములు చీకటిలో నీటిపైకి తేలి వలలను దాటిపోవుచునే యుండెను. తరువాత లోతున మందుపాతరలు పరచి, పైన రాత్రియంతయు దీపములు వెలిగించి, పడవలను దట్టముగ నిలిపినపుడే ఆ దారి వానికి మృత్యుముఖమైనది. దీపమునకు వెఱచి మునిగినచో మందుపాతర. మందుపాతరకు వెఱచి తేలినచో ఫిరంగి. కాని వర్తకనౌకలను ప్రధానముగ కాపాడినది ఇదియును కాదు. 1917 ఏప్రిలు ఒక్కనెలలోనే 8 లక్షల టన్నులకు పైబడిన నౌకలు మునిగిన పిదపగాని, ఓడలను గుంపులుగ చేర్చి యుద్ధనౌకల రక్షణలో నడపుటకు బ్రిటిషు నౌకాధికారులు మనసొగ్గలేదు. అంతవరకు అది పిఱికివాండ్ర పద్ధతియని తలచినవారును కలరు. వ్యయమైన ధనములో ప్రభువుల కానుకలును కలవు, బెస్తల ప్రాణములును కలవు. వివేకము మాత్రము ఆలస్యముగ వచ్చెను.

మన తీరమునకు ఈ పరీక్ష 1971లో వచ్చినది. విశాఖపట్టణపు రేవుద్వారము డాల్ఫిన్స్ నోస్ కొండప్రక్క సన్నని త్రోవ. విక్రాంత్ విమానవాహకనౌకను వేటాడుటకు పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీనుండి బయలుదేరెను. మనవారు వలలను నమ్ముకొని కూర్చుండలేదు. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమానులలో దాచి, అది విశాఖయందే యున్నదని శత్రువు నమ్మునట్లు చేసెను. పెద్ద నౌకాదళమునకు సరిపడు ఆహారపదార్థములను బజారులో కొనిపించుటయు ఆ నాటకములోని భాగమే. డిసెంబరు 3, 4 తేదీల నడిమిరాత్రి ఘాజీ రేవువెలుపల మునిగిపోయెను. రాజ్‌పుత్ నౌక విసరిన బాంబులే కారణమని మన నావికాదళము, లోపలి మందుపాతరలే ప్రేలెనని పాకిస్తాను చెప్పుచున్నవి. అందులోని 90 మందికి పైగా నావికులు మరణించిరి. ఆ సంగతికి తొలి ఆనవాళ్లు తెచ్చినవారు నీటిపై తేలిన వస్తువులను ఏరుకొని వచ్చిన మన బెస్తలే.

ఈ అనుభవము వృథా పోలేదు. 2025 జూన్ 18న తీరపు లోతుతక్కువ నీటిలో జలాంతర్గాములను వెదకు అర్ణాల నౌక విశాఖపట్టణముననే నావికాదళమున చేరినది. ఆ తరగతివి మొత్తము 16 నిర్మింప తలపెట్టిరి. హత్నూర చుట్టుపట్టుల ఇప్పుడు ఔషధముల కర్మాగారములు లేచినవి. వాని ముడిసరుకులో చాలభాగమును, రైతు మోటారునకు డీజిలునిచ్చు ముడిచమురులో చాలభాగమును సముద్రము దాటియే వచ్చుచున్నవి. కావున కావలి మనకక్కరలేదని మే మనము. కావలిపై వెచ్చించు ప్రతి రూపాయి ఏ నౌకకు, ఏ పనికి పోవుచున్నదో పన్ను కట్టువాడు తెలిసికొనవలెను. పార్లమెంటులో రక్షణశాఖ పద్దులు కొన్ని సంవత్సరములు చర్చయే లేక ఆమోదము పొందినవి. 1917నాటి రైతుకు అడుగుటకు నోరు లేకుండెను. నేటి హత్నూర రైతు మెదకు స్థానమునుండి లోక్‌సభకు సభ్యుని పంపుచున్నాడు. ఆ సభ్యుడు రాబోవు బడ్జెటు సమావేశమున లేచి, పదునారు నౌకలలో ఎన్ని నీట దిగినవో, తక్కినవి ఎప్పటికి దిగునో అడిగి, జవాబును తన ఊళ్లవారికి తెలుగున చదివి వినిపింపవలెను.