వెనుక చక్రముల సంగతి

యువకులకు వేగముపై మక్కువ సహజము. దానిని నిందించుటకు మేము ఈ వ్యాసమునకు పూనుకొనలేదు. కాని పాత కారునకో జీపునకో శక్తిగల ఇంజినును, వెడల్పు టైర్లను అమర్చి, డబ్బు మిగిలినచో బ్రేకుల సంగతి చూతమనుకొను విద్యార్థులతో మాకు తగవు కలదు. నాంపల్లి స్టేషను నుండి అబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయము వరకు గల దారిలో వేగమునకు చోటెక్కడ? ఆటోలు, సిటీ బస్సులు, నుమాయిష్ దినములలో పిల్లలను చంకనెత్తుకొని రోడ్డు దాటు తల్లులు. ఆ దారిలో ఆగగల బండియే మంచి బండి.

వెనుక బ్రేకు ఎంత పెద్దదైన అంత మంచిదను భ్రమ ఒకటి ప్రబలియున్నది. బ్రేకు వేయగనే బరువు ముందుకు ఒరుగును. 1000 కిలోల కారులో 600 ముందు చక్రములపై, 400 వెనుక చక్రములపై ఉన్నవనుకొందము. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున, ఇరుసుల నడుమ దూరము 2.5 మీటర్లు అయినచో, గురుత్వములో పదింట ఏడు వంతుల బలముతో బ్రేకు పడినపుడు 140 కిలోల భారము ముందుకు పోవును. వెనుక మిగులునది 260 మాత్రమే. ఆ పావు వంతు పనికి పెద్ద డిస్కు తగిలించినచో వెనుక చక్రములే ముందుగా బిగుసుకొనును. ముందు చక్రములు బిగిసిన బండి స్టీరింగుకు లొంగకున్నను తిన్నగా పోవును. వెనుకవి బిగిసినది బొంగరమువలె తిరుగును. డిస్కే కావలెనన్నవారు వెనుక పీడనమును తగ్గించు వాల్వును కూడ అమర్చవలెను.

మారుతి స్విఫ్టు వంటి కార్లకు నేటికిని మన దేశములో వెనుక డ్రమ్ములే. అది కేవలము పిసినారితనము కాదు. చేతిబ్రేకునకు డ్రమ్ము చక్కగా ఒదుగును. ఘాట్ రోడ్డు దిగునపుడు వేడెక్కి పట్టు సడలునన్న మాట నిజమే. అబిడ్స్‌లో ఘాట్ రోడ్డెక్కడిది?

ఇక ఇరుసు. ఉర్దూలో దీనిని ధురా అందురు. మన ధురంధరుడును ఆ మూలమునుండి వచ్చినవాడే. పెద్ద లారీలలో భారమును ఇరుసు గొట్టము మోయును. లోపలి కమ్మి చక్రమును త్రిప్పును, అంతే. అది విరిగినను చక్రము ఊడదు. అనేక కార్లలో మాత్రము ఆ కమ్మియే మోయవలెను, త్రిప్పవలెను. పెద్ద ఇంజిను ఒకవైపు మెలిపెట్టగా, వెడల్పు టైరు రోడ్డును విడువదు. నడుమ నలుగునది అదియే. స్పేసరు పెట్టి చక్రమును వెలుపలికి జరిపినచో బేరింగునకు మరింత భారము. ఇరుసు చివరి సీలు చెడినచో నూనె కారి బ్రేకు లైనింగును తడుపును. కొత్త లైనింగైనను అప్పుడు పట్టదు. ఇవి రంగు వేసిన బానెట్టువలె కంటికి కనబడవు గనుక ఎవ్వరును మెచ్చుకొనరు.

చట్టము మాట కూడ కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో దీనినే స్థిరపరచినది. మరమ్మతు వేరు, మార్పు వేరు.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. బండ్లను గేటు వద్ద ఆపి మందలించుటకన్న, ఏటేటా నాంపల్లి నుండి అనుభవజ్ఞుడైన మెకానిక్కు నొకనిని పిలిపించి, విప్పిన డ్రమ్మును, అరిగిన లైనింగును విద్యార్థుల చేతికిచ్చి చూపించుట మేలు. పాఠము ఉర్దూలో జరిగిననేమి, తెలుగులో జరిగిననేమి? విద్యార్థులు ఈ సంవత్సరము టైర్లకై దాచిన డబ్బుతో మొదట ముందు బ్రేకులను, పిదప వెనుక సీళ్లను, బేరింగులను బాగుచేయించుకొందురు గాక.