ఎర్ర డిస్కు ఎడమకి ఎక్కువ తిరుగుతుందా?

రంగురాళ్ళ ఉంగరాలను విమర్శించడం మన హేతువాదులకి బాగా అలవాటైన పని. కెంపు పెట్టుకుంటే ఉద్యోగం వస్తుంది, నీలం పడకపోతే ఇల్లు గుల్లవుతుంది అనే వాళ్ళకి మన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: రెండూ అల్యూమినియం ఆక్సైడే, అందులో కాస్త క్రోమియం చేరితే ఎరుపు, ఇనుము, టైటానియం చేరితే నీలం, దానికీ నీ ఉద్యోగానికీ సంబంధం లేదు. సమాధానం సరైనదే. కానీ దీని వల్ల మనలో కొందరికి ఇంకో అలవాటు పట్టుకుంది. "రంగుని బట్టి తేడా ఉంటుంది" అని ఎవరైనా అనగానే, దేని గురించి అంటున్నారో వినకుండానే మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. ఇది హేతువాదం కాదని నా అభిప్రాయం. ఒక ఆట ద్వారా చెప్తాను.

అమెరికాలో డిస్క్ గోల్ఫ్ ఆడతారు. బంతీ కర్రా ఉండవు, ప్లాస్టిక్ డిస్కుని విసురుతూ పోయి గొలుసులు వేలాడే బుట్టలో వెయ్యాలి. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. దీనికి మొదటి శాశ్వత మైదానాన్ని 1975లో కాలిఫోర్నియాలో ఎడ్ హెడ్రిక్ ఏర్పాటు చేశాడు. (2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మం కలిపి కొన్ని డిస్కులు పోశారు. ఏ నదిలోనో కలపడం కన్నా నయమే.) నేను టెక్సస్‌లో మా అబ్బాయి దగ్గరున్న రోజుల్లో వాడి స్నేహితులతో పార్కుకి వెళ్ళేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడు, "అంకుల్, ఈ మోడల్లో ఎరుపు తీసుకుంటే గట్టిగా ఎడమకి లాగుతుంది, నీలమైతే తిన్నగా పోతుంది" అన్నాడు. ఇంకొకడు నవ్వి, "ఇది కూడా జాతకమేనా?" అన్నాడు. నా దృష్టిలో ఇద్దరూ తొందరపడ్డారు.

దూరం విసరడానికి వాడే డిస్కుని డ్రైవర్ అంటారు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే అది పైనుంచి చూసేవాళ్ళకి గడియారం ముల్లులా తిరుగుతూ పోతుంది. వేగంగా ఉన్నప్పుడు గాలి ఎత్తే బలం డిస్కు కేంద్రానికి కాస్త వెనక పడి ముందు అంచుని కిందికి వంచాలని చూస్తుంది. తిరిగే వస్తువు కాబట్టి అది ముందుకి వంగదు, బొంగరంలాగా పక్కకి, అంటే కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గాక ఆ బలం ముందుకి జరుగుతుంది, డిస్కు ఎడమకి ఒరిగి దిగుతుంది. కుడికి పోవడానికి మొండికేసి ఎడమకి గట్టిగా లాగేదాన్ని ఓవర్‌స్టేబుల్ అంటారు. ఇదంతా అంచు ఆకారం మీద ఆధారపడిన సంగతి. ముఖ్యంగా అచ్చు రెండు సగాలు కలిసిన చోట అంచు మీద ఒక గీత పడుతుంది. ఆ గీత ఎత్తుగా ఉంటే డిస్కు ఓవర్‌స్టేబుల్ వైపు మొగ్గుతుంది. ఇక్కడ తేడా మిల్లీమీటర్‌లో భాగాల్లో ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్లో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఆ తర్వాతి సంగతి నాకు కొత్త కాదు. ఒకే డైలో దానా మారిస్తే వస్తువు కొలత మారుతుంది. ఒక్కో ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఒక్కోలా కుంచించుకుంటుంది. 21 సెంటీమీటర్ల డిస్కులో ఒక్క శాతం తేడా అంటే 2 మిల్లీమీటర్లు. అందుకే ఒకే మోడల్ డిస్కు చవక ప్లాస్టిక్‌లో ఒకలా, ఖరీదైన పాలీయురెథేన్‌లో ఇంకోలా ఎగురుతుంది. పైగా చవకది చెట్లకి కొట్టుకుని తొందరగా అరిగి, కొన్నాళ్ళకి కుడికి తిరగడం మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ రకం సంగతి ఇంతటితో సరి, ఇందులో వివాదం లేదు.

రంగు దగ్గరే అసలు తగువు. గాలికి కళ్ళు లేవు, ఎరుపో నీలమో దానికి తెలీదు. కానీ రంగు అంటే అందులో కలిపిన పిగ్మెంట్ కూడా. పాలిథిలిన్‌లో థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చ పిగ్మెంట్లు కలిపితే ప్లాస్టిక్ స్ఫటికాలు కట్టే తీరు మారి, కుంచించుకోవడంలో తేడా వచ్చి, వస్తువు వంకర పోతుంది. క్రేట్లు, మూతలు పోసేవాళ్ళకి ఇది దశాబ్దాలుగా తెలుసు. నీలం మాస్టర్‌బ్యాచ్ వేసిన రోజు మూత డబ్బాకి బిగియక కూలింగ్ టైము మార్చుకునేవాళ్ళం. డిస్కుల్లో ప్లాస్టిక్ వేరు కాబట్టి అంత తేడా వస్తుందని నేననను. రావడం అసాధ్యం అని మాత్రం ఎవరూ అనకూడదు. వచ్చినా అది రంగు మహిమ కాదు. గీత ఎత్తు కొలిచి రాసుకున్నాక రంగుతో పని ఉండదు. కెంపు వ్యాపారిని అలాంటి కొలత ఒక్కటి చూపించమనండి.

అలాగని ఎరుపు అన్న కుర్రాడు గెలిచినట్టు కాదు. మెషీన్లో రంగు మార్చాలంటే పాత ప్లాస్టిక్ అంతా బయటికి తోసెయ్యాలి, అందుకని ఒక రంగుని ఒకేసారి వందల్లో పోస్తారు. ఆ పూట డై ఎంత వేడిగా ఉంది, ఎన్ని సెకన్లు చల్లార్చారు అన్నది ఆ వందల్లో అన్నిటికీ ఒకటే. వాడి దగ్గరున్న ఎర్ర డిస్కులన్నీ ఒకే బ్యాచ్‌వైతే వాడు చూసింది ఎరుపునా, ఆ బ్యాచ్‌నా? పైగా ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది ఎడమకి లాగుతుందని ముందే అనుకుని విసిరితే మణికట్టు కూడా దానికి తగ్గట్టే తిరుగుతుంది. ఎడమకి లాగినవి గుర్తుంటాయి, లాగనివాటికి గాలి మీద నెపం పెడతారు.

తేల్చుకోవడం కష్టం కాదు. ఒకే మోడల్, ఒకే ప్లాస్టిక్, ఒక్కో రంగులో కనీసం నాలుగైదు వేరు వేరు బ్యాచ్‌లు. వంటింటి త్రాసు మీద తూచి బరువు సమానంగా ఉన్నవే ఉంచుకోవాలి. ఒకరు కాలిపర్‌తో గీత ఎత్తు కొలిచి, విసిరేవాళ్ళకి చెప్పకుండా దాచాలి. రంగులు కనపడనంత చీకటి పడ్డాక డిస్కుని చేతికి అందించాలి, పడ్డ చోటుని ఇంకొకరు టార్చితో వెతికి రాసుకోవాలి. మా అబ్బాయి స్నేహితులకి ఇదంతా కాగితం మీద రాసిచ్చాను. నవ్వినవాడు కాలిపర్ కొంటానన్నాడు. ఎరుపు అన్నవాడు తన డిస్కు చీకట్లో పోతే ఎవరిస్తారని అడిగాడు.