వారం శిక్షణతో సరిపోదు

సంపాదకులకు,

రువాండా పాస్టర్లకు విదేశీ బృందాలు ఇస్తున్న వారం రోజుల శిక్షణను మెచ్చుకుంటూ గత సంచికలో వచ్చిన వ్యాసం అసలు సంగతిని దాటేసింది. ఆ బృందాల సదుద్దేశాన్ని శంకించను. కానీ సంఘాన్ని నడిపే పాస్టరుకు వేదాంత పట్టా ఉండాలని అక్కడి ప్రభుత్వం 2018లో చట్టం చేసి, ఐదేళ్ల గడువిచ్చింది. సదస్సు చివర చేతికిచ్చే సర్టిఫికెట్ అందుకు చెల్లదు. పైగా ఇంగ్లీషులో చెప్పిన ప్రతి మాటా అక్కడి భాష కిన్యారువాండాలో మళ్లీ చెప్పాలి కాబట్టి సగం సమయం అనువాదానికే పోతుంది. వారమంతా బీన్స్ చేలో పార పట్టి, ఆదివారం వాక్యం చెప్పే పాస్టరుకు కావలసింది కళాశాల ఫీజు, సొంత భాషలో పుస్తకాలు. విమాన టికెట్ల సొమ్ములో కొంతైనా అక్కడి వేదాంత కళాశాలలకు పంపాలి. ఆఫ్రికా యాత్రలకు చందాలిచ్చే మన సంఘాలు కూడా ఈ విషయం ఆలోచించాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు