గర్భసంచి పోయినా అభ్యంతరం పోలేదు

స్త్రీల ఆరోగ్యం అంటే మన వైద్య వ్యవస్థకు గర్భసంచి ఒక్కటే. కాన్పు, కుటుంబ నియంత్రణ, చివరికి ఆపరేషన్. ఆ సంచి తీసేశాక స్త్రీ ఒకతె ఇంకా బతికి ఉంటుందన్న సంగతే దానికి గుర్తుండదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అనవసరపు ఆపరేషన్లకు వ్యతిరేకంగా మనం మాట్లాడుతూనే ఉన్నాం. 2023లో సుప్రీంకోర్టు కూడా కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. కానీ ఆపరేషన్ ఇప్పటికే అయిపోయిన స్త్రీల మాటేమిటి? వాళ్ళ ముందున్న ముప్ఫై, నలభై ఏళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తున్నారు?

ఆ స్త్రీలలో నేనూ ఒకదాన్ని. నలభై ఆరో ఏట, గడ్డల వల్ల రక్తస్రావం ఆగక, నాకు ఆపరేషన్ తప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాతో కాదు, నా భర్తతో మాట్లాడాడు. 'బరువులు ఎత్తనివ్వకండి, విశ్రాంతిగా ఉంచండి' అన్నాడు. మొదటి ఆరు వారాలకు అది సరైన సలహాయే. తర్వాతేం చెయ్యాలో ఒక్క మాట లేదు. మూడు నెలలకు మెట్లెక్కితే ఆయాసం, తొడల్లో సత్తువ లేదు, మోకాళ్ళ నొప్పి. ఈ దేశంలో కూలికి పోయే స్త్రీకి విశ్రాంతి దొరకదు. మధ్యతరగతి స్త్రీకి విశ్రాంతి పేరుతో నాలుగు గోడలు దొరుకుతాయి. ఇద్దరికీ దొరకనిది కోలుకోవడం.

నాలుగో నెలలో మరో డాక్టరు పరీక్షించి సరేనన్నాక సైకిల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. సైకిల్ సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. అండాశయాలు కూడా తీసేసిన స్త్రీలలో ఎముకలు త్వరగా బలహీనపడతాయి. వాటికి నడక, బరువులతో వ్యాయామం కావాలి, సైకిల్ చాలదు. కానీ సైకిల్ మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది. మోకాళ్ళ మీద అంత భారం పడకుండానే గుండెకూ, తొడలకూ పని దొరుకుతుంది.

నా గురువు పక్కింట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల. రెండు పాదాలూ నేలకు ఆనేంతగా సీటు దించింది. మొదటి వారం పెడళ్ళ జోలికి పోకుండా కాళ్ళతో నేలను తోసుకుంటూ పోవడమే. తర్వాత ఒక పెడలు, తర్వాత రెండు. పద్ధతిగా నేర్పితే నలభై దాటిన ఒంటికి ఇది అసాధ్యమేమీ కాదు. కష్టమల్లా చుట్టూ ఉన్న నోళ్ళతోనే. 'కుట్లు ఊడిపోతాయమ్మా', 'ఈ వయసులో ఇదేం సరదా?' ఆరో వారం నిండకుండానే నేను నీళ్ళ బకెట్లు మోస్తుంటే ఈ నోళ్ళలో ఒక్కటీ లేవలేదు.

ఇది కొత్త కాదు. 1890లలో యూరప్, అమెరికాల్లో స్త్రీలు సైకిలెక్కినప్పుడు వాళ్ళ గర్భసంచికి హాని అనీ, ముఖాలు వికారమైపోతాయనీ కొందరు డాక్టర్లు హెచ్చరించారు. ఈరోజు నాకు గర్భసంచే లేదు, అభ్యంతరం మాత్రం అలాగే ఉంది! అంటే వాళ్ళ బాధ ఏనాడూ గర్భసంచి గురించి కాదు. స్త్రీ ఎవరినీ అడగకుండా తనంతట తాను కదలడం గురించి.

'హింస, కూలిరేట్లు ఉండగా సైకిల్ ఒక సమస్యా?' అని మన మిత్రులే అడుగుతారు. మన నెల్లూరులో అక్షరాస్యతా ఉద్యమం సారా వ్యతిరేక పోరాటానికి దారితీసిన రోజుల్లోనే, 1990ల మొదట్లో, తమిళనాడు పుదుక్కోట్టైలో అదే అక్షరాస్యతా ఉద్యమం సైకిల్‌ను చేపట్టింది. కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. వాళ్ళలో వ్యవసాయ కూలీలు, క్వారీ కార్మికులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు ఉన్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూసే గంటలు వాళ్ళకు మిగిలాయి. అది సరదా అనగలమా?

బీహార్ 2006లో మొదలుపెట్టి బడిపిల్లలకు సైకిళ్ళిచ్చింది. మన దగ్గరా ఇచ్చారు. ఆ పిల్లల తల్లుల ఊసు ఎవరూ ఎత్తలేదు. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంట సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. చాలామంది అక్కడికి చేరాలంటే సైకిల్‌ను కారులో వేసుకుపోవాలి. పొద్దున్నే నాలుగిళ్ళలో పాచిపనికి పరుగెత్తే స్త్రీ దారిలో మాత్రం ఫుట్‌పాత్ కూడా లేదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీతో, ఆమె భర్తతో కాదు, ఆమెతోనే డాక్టరు మాట్లాడాలి. తర్వాతి ఏడాది ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుగులో రాసివ్వాలి. ప్రతి వార్డులో ఒక మైదానం పొద్దున గంటసేపు స్త్రీలకు కేటాయించాలి. పొదుపు సంఘాలు అప్పులతో పాటు నాలుగు సైకిళ్ళు కూడా పెట్టుకోవాలి. మన సంస్థలు శిక్షణ శిబిరాల్లో శరీరం మీద హక్కు గురించి ఉపన్యాసాలిస్తాయి. ఆ హక్కుకు రెండు చక్రాలు కూడా ఉంటాయని ఇకనైనా గుర్తించాలి.