షోరూమా? సందు చివర షెడ్డా?

వారంటీ ఉన్నన్నాళ్లూ కారు షోరూమ్‌కే పంపాం, సరే. అది అయిపోయాక కూడా అక్కడికే ఎందుకండీ? పోయినసారి బిల్లులో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లతో పాటు మేం అడగని ఏసీ క్లీనింగ్, పాలిష్ కూడా! కొత్తిమీర కట్ట దగ్గర కొసరడిగే మనం, అక్కడ చల్లటి గదిలో వాళ్లిచ్చిన కాఫీ తాగి నోరు మూసుకుని కట్టేస్తాం.

ఈసారి మా సందు చివరి మెకానిక్‌కిచ్చాను. "కార్ల సంగతి నీకేం తెలుసు?" అన్నారు మావారు. తెలియదు కాబట్టే అడిగాను. అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడతను.

షోరూమైనా, షెడ్డయినా తీసేసిన పార్టు చూపించమనండి. కొత్తదాని బిల్లు అడగండి. విసుక్కున్నవాడికి మళ్లీ బండి ఇవ్వకండి. ఆ డబ్బు మనింటిది!