పర్మిషన్ ఎర్రరా? చుక్క పెట్టెయ్!

మన ఆఫీసుల్లో జ్వరమొస్తే పారాసెటమాల్, సిస్టం హ్యాంగయితే రీస్టార్ట్, పర్మిషన్ ఎర్రరొస్తే స్టార్. ఈ మూడో మందు గురించే ఈ టపా. ముందే చెప్పేస్తున్నా, ఇందులో పాఠం తక్కువ, తిట్లు ఎక్కువ. మొదటి తిట్టు నాకే.

మా టీం చూసే అప్లికేషన్లో జనం లోన్ల కోసం ఇచ్చిన కాగితాలుంటాయి. పాన్ కార్డు, జీతం స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి కరెంటు బిల్లు. ఇవి బయటి క్లౌడులో పెట్టడం క్లయింటుకి ఇష్టం లేదు. అందుకని మా సర్వర్లలోనే సెఫ్ క్లస్టర్ పెట్టుకున్నాం. దాని ముందు రేడాస్ గేట్‌వే, దాని ముందు ఎంజినెక్స్. అప్లికేషన్‌కి కనిపించేది మాత్రం 2006లో అమెజాన్ మొదలెట్టిన ఎస్3 భాషే.

పోయినేడాది ఒక శుక్రవారం రాత్రి పాత ఫైల్ సర్వర్ నుంచి దీనికి మారాం. పదకొండింటికి రెండు కంప్లయింట్లొచ్చాయి. ఒకటి, పాత డాక్యుమెంటు మళ్లీ అప్‌లోడ్ చేస్తే ఎక్కుతోంది, కొత్తది ఎక్కట్లేదు. రెండు, ఆఫీసర్లు డాక్యుమెంటు చూడ్డానికి నొక్కే లింకులు తెరుచుకోవట్లేదు. లాగులో రెంటికీ ఒకటే నంబరు, 403.

నా పక్కనున్న కుర్రాడు చేరి ఎనిమిది నెలలైంది. "అన్నా, రెండూ 403 యే గానీ రెండూ ఒకటి కాదేమో అనిపిస్తోంది. ఒక్క అరగంట ఇవ్వండి, చూస్తా" అన్నాడు.

"అరగంటా? పైవాళ్లందరూ కాల్లో కూర్చున్నార్రా బాబూ. నేను చెప్తా, నువ్వు కొట్టు" అన్నా.

చెప్పాను. వాడు కొట్టాడు. బకెట్ పాలసీలో ప్రిన్సిపల్ దగ్గర స్టార్. యాక్షన్ దగ్గర స్టార్. రిసోర్సు దగ్గర బకెట్ పేరు, దాని చివర ఇంకో స్టార్. అచ్చ తెలుగులో చెప్పాలంటే: ఎవరైనా, ఏమైనా, దేన్నైనా. లింకుల్లో ఉన్న సంతకం కూడా పీకేశాం. పది నిమిషాల్లో రెండు కంప్లయింట్లూ మాయం. కాల్లో "సూపర్ వర్క్" అన్నారు. పాలసీ ఫైలు ఉన్న రిపాజిటరీలో "ఇది రేపు తీసేయాలి" అని ఒక కామెంటు కూడా రాయించాను. వెనకటికి ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు గుర్తుందా? దాని కిటుకే అది. ఆ రేపు ఎప్పటికీ రాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ రాత్రి వాడడిగిన అరగంట ఇచ్చి ఉంటే ఏం దొరికేదో చెప్తా, ఎందుకంటే తర్వాత అవే దొరికాయి.

మొదటి రోగం. మా అప్లికేషన్ అప్‌లోడ్ చేసేముందు "ఈ పేరుతో ఫైలు ఆల్రెడీ ఉందా?" అని ఒక హెడ్ రిక్వెస్టు పంపుతుంది. 404 వస్తే లేదని అర్థం, రాసేస్తుంది. బకెట్ ఓనర్ వేరే యూజర్. మా యూజర్‌కి పాలసీలో గెట్ ఆబ్జెక్ట్, పుట్ ఆబ్జెక్ట్ ఇచ్చారు గానీ లిస్ట్ బకెట్ ఇవ్వలేదు. ఎస్3 పద్ధతి ఏంటంటే, లిస్టు చూసే హక్కు లేనివాడు లేని ఫైలు గురించి అడిగితే "లేదు" అని చెప్పదు, "నీకు చెప్పను" అంటుంది. అంటే 404 బదులు 403. సెఫ్ గేట్‌వే కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. ఇది బగ్గు కాదు, తెలివి. ఫైలు ఉందా లేదా అన్నది కూడా సమాచారమేగా! ఫలానా మనిషి లోనుకి అప్లై చేశాడా లేదా అన్నది దారినపోయేవాడికి తెలియకూడదు కదా. పాత ఫైళ్లు ఎందుకెక్కాయంటే అవి నిజంగానే ఉన్నాయి కాబట్టి. కొత్తవి లేవు కాబట్టే 403.

పైగా హెడ్ జవాబుకి బాడీ ఉండదు. ఎర్రర్ కోడ్ చెప్పే ఎక్స్ఎంఎల్ అందులో రాదు. అందుకే లాగులో ఉత్త నంబరు తప్ప ఏమీ లేదు. అదే ఫైలుకి ఒక్కసారి గెట్ కొట్టి చూస్తే యాక్సెస్ డినైడ్ అన్న కోడ్ కళ్లబడేది. మందు: లిస్ట్ బకెట్ అన్న ఒక్క యాక్షను, అదీ మా ఒక్క యూజర్‌కి. ఇక్కడే చాలామంది పడే గుంట ఇంకోటుంది. గెట్, పుట్ అనేవి ఆబ్జెక్టుల మీద పనిచేస్తాయి, కాబట్టి రిసోర్సులో బకెట్ పేరు తర్వాత స్లాష్ స్టార్ ఉండాలి. లిస్ట్ అనేది బకెట్ మీద పనిచేస్తుంది, అక్కడ స్లాష్ ఉండకూడదు. రెంటినీ ఒకే లైన్లో ఇరికిస్తే ఏదో ఒకటి పనిచేయదు. అప్పుడు మనకి చిరాకొచ్చి పెద్ద చుక్క పెట్టేస్తాం.

రెండో రోగానికి పర్మిషన్లతో సంబంధమే లేదు. లింకుల మీద ఉండే సంతకంలో హోస్ట్ పేరు కూడా కలిసి ఉంటుంది. మధ్యలో ఎంజినెక్స్ ఆ హోస్ట్ హెడర్ మార్చేసి లోపలి సర్వర్ పేరు పెట్టి పంపుతోంది. గేట్‌వే తన వైపు లెక్క కట్టి చూస్తే సంతకం కలవదు. సిగ్నేచర్ డజ్ నాట్ మ్యాచ్, 403. మందు: ఎంజినెక్స్ కాన్ఫిగ్‌లో ఒరిజినల్ హోస్ట్ హెడర్ అలాగే పంపమని ఒక్క లైను.

రెండు రోగాలు, రెండు లైన్ల మందు. నేను చేసిందేంటి? తాళంచెవి తిరగట్లేదని తలుపే పీకి పక్కన పెట్టాను.

అసలు 403 అంటే పర్మిషన్ లేదనే అని ఎవరు చెప్పారండీ మనకి? సెఫ్‌లో క్లాక్ పదిహేను నిమిషాలు తేడా వచ్చినా 403 యే. యాక్సెస్ కీ తప్పయినా 403 యే. యూజర్‌ని సస్పెండ్ చేసినా 403 యే. ఆఖరికి కోటా నిండిపోయినా 403 యే! వీటిలో ఎన్నింటికి స్టార్ పనిచేస్తుంది? క్లాక్ తప్పితే చుక్కల పాలసీ పెట్టినా సంతకమున్న రిక్వెస్టు లోపలికి రాదు. ఎర్రర్ పోదు, చుక్క మాత్రం ఉండిపోతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, ఇక్కడ ఎలుక కూడా చావదు.

డిస్కు దగ్గర ఇదే జబ్బు వేరే పేరుతో వస్తుంది, సీహెచ్‌మాడ్ 777 అని. 2015లో ఇన్ఫర్నాలిస్ రిలీజ్ నుంచి సెఫ్ డెమన్లు రూట్‌గా కాకుండా సెఫ్ అనే మామూలు యూజర్ కింద నడుస్తాయి. ఫైళ్ల ఓనర్ తప్పుంటే డెమన్ లేవదు. చేయాల్సింది ఓనర్‌ని సరిచేయడం. మనవాళ్లు చేసేది ఊరందరికీ రాసే హక్కివ్వడం. రూట్ ఎందుకొద్దన్నారో వాళ్లు ఆలోచించి మార్చారు, మనం ఒక్క కమాండుతో ఆ ఆలోచన మొత్తాన్నీ గంగలో కలుపుతాం.

ఇలా అంటే నాకొచ్చే జవాబులు మూడు.

"మాది ఇంటర్నల్ నెట్‌వర్క్ బాసూ, బయటివాడెవడొస్తాడు?" మాదీ ఇంటర్నలే. ఎంజినెక్స్ పెట్టిందే బయటికి లింకులివ్వడానికి అన్న సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు. ఇంకో ఉదాహరణ. 2023 మార్చిలో మిన్ఐఓలో ఒక లోపం బయటపడింది. క్లస్టర్‌గా నడిచే సర్వర్‌కి ఒక రిక్వెస్టు పంపితే చాలు, దాని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ, రూట్ పాస్‌వర్డుతో సహా, చేతిలో పెట్టేది. దాన్ని దొంగలు నిజంగానే వాడుతున్నారని ఏప్రిల్లో అమెరికా సైబర్ సెక్యూరిటీ సంస్థ సీసా తన జాబితాలో చేర్చింది. లోపల ఒక్క మెషిన్ చెడితే చాలు, మీ "ఇంటర్నల్" అనే గోడకి తలుపు పడ్డట్టే.

"అదే పబ్లిక్ క్లౌడయితే ఈ గోల ఉండదు." ఉంటుంది. 2019లో క్యాపిటల్ వన్ సంగతి గుర్తుందిగా? అది అమెజాన్ క్లౌడే. తప్పుగా కాన్ఫిగర్ చేసిన ఫైర్‌వాల్ గుండా లోపలికెళ్లిన మనిషికి, అక్కడి రోల్‌కి ఉన్న హక్కుల వల్ల బకెట్ల లిస్టూ దొరికింది, లోపలి డేటా కూడా దొరికింది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. తర్వాతి ఏడాది 8 కోట్ల డాలర్ల జరిమానా కట్టారు. 2023 ఏప్రిల్ నుంచి అమెజాన్ కొత్త బకెట్లన్నింటికీ పబ్లిక్ యాక్సెస్‌ని డిఫాల్ట్‌గానే అడ్డేస్తోంది. అంటే అక్కడ మన బద్ధకానికి వేరేవాళ్లు కాపలా పెట్టారు. సొంతంగా నడుపుకునేచోట ఆ కాపలా కూడా మనమే పెట్టుకోవాలి.

"టైం లేదు." ఇదొక్కటే నిజమైన జవాబు. కాకపోతే పూర్తి నిజం కాదు. పది నిమిషాల్లో మూసిన టికెట్‌కి చప్పట్లు కొడతారు, గంటలో కారణం కనుక్కున్నవాడిని "స్లో" అంటారు. లెక్క కట్టేది ఎర్రర్ పోయిందా లేదా అన్నదే గానీ ఎలా పోయిందని కాదు. ప్రతి ప్రోగ్రాముకీ దాని పనికి కావాల్సినంత అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. అది ఇంటర్వ్యూల్లో అందరం గడగడా అప్పజెప్తాం. శుక్రవారం రాత్రి పదకొండింటికి మాత్రం ఎవరికీ గుర్తుండదు. కనీసం ఒక పని చేయొచ్చు. తప్పనిసరై చుక్క పెడితే, పాలసీలోనే గడువు తేదీ కండిషన్‌గా రాసి, అది తీసేసే టికెట్‌ని ఒక మనిషి పేరు మీద అప్పుడే తెరవండి. గడువు లేని తాత్కాలికం అంటూ ఏదీ లేదు, అది శాశ్వతమే.

సరే, మా చుక్క కథ. పదకొండు వారాలు అలాగే ఉంది. ఒకరోజు ఒక కస్టమర్ నుంచి మెయిల్ వచ్చింది. తన డాక్యుమెంటు లింకు తెరిచాట్ట, కుతూహలం కొద్దీ చివర్లో ఫైలు పేరు చెరిపేసి ఎంటర్ కొట్టాట్ట. బ్రౌజర్లో మొత్తం లిస్టు, పేజీకి వెయ్యి పేర్ల చొప్పున. "మా నాన్నగారి కాగితాలు కూడా ఇందులోనే ఉన్నాయి. ఎవరెవరు చూసుంటారో కాస్త చెప్పగలరా?" అని అడిగాడు. ఒక్క తిట్టు కూడా లేదు ఆ మెయిల్లో. తిట్టినా బాగుండేది.

చెప్పలేకపోయాం. గేట్‌వేలో ఆపరేషన్ లాగు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మేం ఆన్ చేయలేదు. ఎంజినెక్స్ లాగులు పద్నాలుగు రోజులకి చెరిగిపోతాయి. మిగతా తొమ్మిది వారాల్లో ఎవరొచ్చారో, ఏం తీసుకెళ్లారో ఎప్పటికీ తెలీదు. యాక్షన్ స్టార్ అంటే చూడ్డమే కాదు, చెరపడం, మార్చడం కూడా. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని ఉంది. మీటింగులో అందరూ దాని గురించే మాట్లాడారు. ఆ నాన్నగారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక కారణం అన్న గడిలో "హ్యూమన్ ఎర్రర్" అని రాశారు. ఏ హ్యూమన్? కమాండ్ కొట్టింది ఎవరి లాగిన్‌తోనో వాడు. అంటే అరగంట అడిగిన కుర్రాడు! వాడికి వార్నింగ్ మెయిల్ వెళ్లింది. వాడు నా వైపు చూశాడే గానీ ఏమీ అనలేదు. "చెప్పింది నేను, కొట్టించింది నేను" అని మేనేజర్‌కి రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్రైజల్ నెల అది. ఆ రెండు రోజులకి నాకింకా సిగ్గే.

వార్నింగు వెనక్కి తీసుకున్నారు. వాడు మాత్రం నన్ను అన్నా అనడం మానేసి సర్ అంటున్నాడు.

ఇప్పుడు మా టీంలో ఒక రూలుంది, నేనే పెట్టాను. 403 వస్తే ముందు కోడ్ చదవాలి, నంబరు కాదు. బాడీ రాకపోతే గెట్ కొట్టాలి. అప్పటికీ అర్థం కాకపోతే కాసేపు గేట్‌వే డీబగ్ లెవెల్ 20కి పెంచి, ఏ యూజర్, ఏ యాక్షను, ఏ రిసోర్సు, పాలసీ ఎక్కడ కాదందో చూడాలి. చూశాక మళ్లీ తగ్గించాలి, లేకపోతే లాగులతో డిస్కు నిండుతుంది. ఈ మూడింటి పేర్లూ చెప్పలేనివాడు పాలసీ ఫైలు ముట్టుకోకూడదు, సీనియరైనా సరే. ముఖ్యంగా సీనియరైతే.

రేపు ఆఫీసుకెళ్లగానే ఒక్క పని చేయండి. మీ పాలసీ ఫైళ్లు తెరిచి చుక్కలెన్నున్నాయో లెక్కపెట్టండి. ప్రతి చుక్క పక్కనా దాన్నెవరు ఎందుకు పెట్టారో చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే, అవే చుక్కలు మీకు ఏదో ఒక రోజు పట్టపగలే కనిపిస్తాయి :)